బంతి సాగాలి, బరువు మాత్రం మారకూడదు

తిరుమల మాడ వీధుల్లో ఊరేగింపు ముందు నడిచే ఏనుగును చూసేవాళ్ళు తొండం చూస్తారు, నుదుటి మీద నామం చూస్తారు. పోయిన ఏడాది నేను దాని పాదాలే చూస్తూ నిలబడిపోయాను. అడుగు పడీ పడగానే పాదం పక్కలకు పరుచుకుంటుంది. గోళ్ళకు పైనున్న చర్మం ముడత ఉబుకుతుంది. ఒంటి బరువంతా ఆ కాలి మీదికి వచ్చేసరికి పాదం కాస్త వెడల్పయినట్టు కంటికే తెలుస్తుంది. కాలు ఎత్తగానే ఆ వెడల్పు పోతుంది, పాదం దగ్గరకొచ్చి కొద్దిగా వేలాడుతుంది. ఏనుగు మడమ కింద కొవ్వుతో నిండిన మెత్తటి దిండు లాంటిది ఒకటి ఉంటుంది. బరువు పడితే అది పరుచుకుంటుంది, బరువు తీసేస్తే ముడుచుకుంటుంది. బురదలో దిగబడ్డ కాలిని అంత పెద్ద జంతువు తేలిగ్గా లాక్కోగలిగేది ఆ ముడుచుకోవడం వల్లనే.

పాదాలే ఎందుకు చూశానంటే, పన్నెండేళ్ళ కిందట ఒక గున్న ఏనుగు విషయంలో నేను వాదించి ఓడిపోయాను.

అప్పుడు నేను పిల్లల టీవీ సీరియల్ చేసే ఒక స్టూడియోలో యానిమేటర్‌ని. నా చేతికొచ్చిన షాట్ చాలా చిన్నది. గున్న ఏనుగు చెరువుగట్టు మీది నుంచి ఒక మెట్టు కిందికి దిగాలి. రెండున్నర సెకన్లు, అంటే 60 ఫ్రేములు. ముందుకాలు నేలను తాకినచోట పాదాన్ని రెండు ఫ్రేముల పాటు కొద్దిగా వెడల్పు చేశాను. భుజం కిందికి దిగింది. పొట్ట మూడు ఫ్రేములు ఆలస్యంగా జారి, ఒకసారి కిందికి వేలాడి, మళ్ళీ సర్దుకుంది. మర్నాడు డైలీస్‌లో, అంటే చేసిన షాట్లను రోజూ కలిసి చూసే సమావేశంలో, సూపర్‌వైజర్ ఆ షాట్ రెండుసార్లు చూసి ఒకే మాట అన్నారు: "ఏనుగు బరువైన జంతువు. రబ్బరు బంతి కాదు. సాగదీయొద్దు." నేను నచ్చజెప్పబోయాను. రెండు రోజుల్లో రిగ్‌లో, అంటే బొమ్మను కదపడానికి కంప్యూటర్‌లో కట్టిన అస్థిపంజరంలో, సైజు మార్చే స్కేల్ కంట్రోళ్ళన్నీ లాక్ అయిపోయాయి. ఒక్క నాకే కాదు, ఆ సీరియల్‌లో అందరికీ. షాట్ గట్టి బొమ్మతోనే టీవీలో వచ్చింది. ఖాళీ అట్టపెట్టె మెట్టు దిగినట్టుంది.

ఆ సూపర్‌వైజర్ పని తెలియని మనిషి కాదు. ఆయన మాట ఇప్పటికీ హైదరాబాదులో ఏ స్టూడియోకి వెళ్ళినా వినిపిస్తుంది. బరువైనవి సాగకూడదు, గంభీరమైన పాత్రలు సాగకూడదు, అది నవ్వు తెప్పించే కార్టూన్లకు మాత్రమే అని. ఈ మాట పూర్తిగా తలకిందులని నా నమ్మకం. బరువైనది గనకే అణగాలి. అణగని వస్తువుకు బరువుందని చూసేవాడికి ఎలా తెలుస్తుంది? తెర మీద బొమ్మను ఎత్తి చూడలేం కదా. దాని బరువు మనకు తెలిసే దారి ఒక్కటే, ఆ బరువు ఆ ఒంటిని ఏం చేస్తోందో చూడటం.

స్క్వాష్ అండ్ స్ట్రెచ్ అనేది మా పనిలో పొద్దున లేస్తే నోట్లో ఆడే మాట. క్లాసులో నేను అణగడం, సాగడం అంటాను. డిస్నీలో దశాబ్దాల పాటు పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో తమ పుస్తకంలో యానిమేషన్‌కు 12 సూత్రాలు చెప్పారు. వాటిలో మొట్టమొదటిది ఇదే. మొదటిది కావడం వల్ల అందరికీ తెలుసు. అందరికీ తెలియడం వల్లే సగం తెలుసు. ఆ సగం ఏమిటంటే సాగుతుంది, అణుగుతుంది అనేది. మిగతా సగం చాలామంది చెవికెక్కదు: ఎంత సాగినా, ఎంత అణిగినా లోపలున్న సరుకు పెరగకూడదు, తరగకూడదు. నేను ఈ వ్యాసం రాస్తున్నదే ఆ రెండో సగం కోసం. ప్రాణం సాగడంలో లేదు. సాగుతున్నా మారకుండా ఉండే ఆ పరిమాణంలో ఉంది.

డిస్నీలో కొత్తవాళ్ళ చేత సగం నింపిన పిండి సంచిని గీయించేవారు. చేతులు లేవు, ముఖం లేదు, నాలుగు మూలలే ఉన్నాయి. దాంతోనే సంతోషం, అలసట, కోపం చూపించాలి. ఆ బొమ్మలు ఇంటర్నెట్‌లో ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి. అందుకే నా విద్యార్థులు మొదట వాటినే చూసి దించేవారు. దించినవి అందంగానే ఉండేవి, లోపల పిండి మాత్రం ఉండేది కాదు. ఇప్పుడు నేను మొదటి క్లాసుకు నిజం సంచే తీసుకెళ్తాను. ఐదు కిలోలు పట్టే గుడ్డ సంచి, అందులో రెండున్నర కిలోల జొన్నపిండి, మూతి కుట్టేసి ఉంటుంది. మొదటి గంట ఎవరూ పెన్సిల్ పట్టుకోకూడదు. సంచి ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి వెళ్ళాలి.

పట్టుకుంటేనే కొన్ని తెలుస్తాయి. ఒక మూల పట్టుకుని ఎత్తితే పిండి అంతా ఎదుటి మూలకు దిగుతుంది. పైన గుడ్డ బిగుసుకుని, పట్టుకున్న వేళ్ళ దగ్గర్నుంచి పొడుగు ముడతలు కిందికి దిగుతాయి. కింది మూల నిండుగా, నున్నగా, ఒక్క ముడత లేకుండా ఉంటుంది. అదే సంచిని బల్ల మీద దబ్బున వదిలితే తిరగబడుతుంది కథ. అడుగు పరుచుకుంటుంది, పైభాగం లోపలికి కూలబడుతుంది, ముడతలు అడ్డంగా పడతాయి. కొంచెం సేపయ్యాక పిండి ఇంకాస్త సర్దుకుని సంచి ఒక పక్కకు ఒరుగుతుంది. ఆ ఆఖరి ఒరుగుడును చూడకుండా ఎవరూ గీయలేరు. ఇంతసేపూ పిండి రెండున్నర కిలోలే. కింద ఎంత చేరిందో పైన అంత ఖాళీ అయింది. ముడతలు పొడుగ్గా పడితే సాగిందని, అడ్డంగా పడితే అణిగిందని అర్థం. ఇది ఏ పుస్తకంలో చదివినా అరగంటలో మర్చిపోతారు. చేత్తో పట్టుకున్నవాళ్ళు మర్చిపోరు.

చరిత్రలోకి వెళ్ళినా ఇదే కనిపిస్తుంది. 1920ల అమెరికన్ కార్టూన్లలో చేతులూ కాళ్ళూ రబ్బరు గొట్టాల్లా ఉండేవి. ఆ పద్ధతికి పేరే రబ్బర్ హోస్ అని పడింది. మోచెయ్యి లేదు, మోకాలు లేదు. కావలసినంత పొడుగు సాగుతాయి. నాలుగింతలు సాగినా మందం అంతే ఉంటుంది. సాగడమే ప్రాణమైతే ఆ బొమ్మల్లో ఇప్పటి వాటికన్నా ఎక్కువ ప్రాణం ఉండాలి. వాటిలో చలాకీతనం ఉంది, లయ ఉంది, నాకు అవంటే ఇష్టం కూడా. వాటికి లేనిది బరువు. ఎత్తు నుంచి పడ్డ బొమ్మకు దెబ్బ తగిలిందని మనసు నమ్మదు.

1930ల మొదట్లో డిస్నీ స్టూడియోలో వచ్చిన మార్పు సాగదీయడం నేర్చుకోవడం కాదు, సాగదీయడం వాళ్ళకు అప్పటికే వచ్చు. సాగిన కొద్దీ సన్నబడాలి, అణిగిన కొద్దీ వెడల్పవ్వాలి అని పట్టుకోవడమే మార్పు. 1932లో డాన్ గ్రాహమ్ అనే చిత్రకళా గురువు స్టూడియోలోనే పాఠాలు మొదలుపెట్టాడు. యానిమేటర్లు పత్రికల్లో ఆటల పేజీ ఫొటోలు ముందేసుకుని, పరిగెత్తే మనిషి, ఎగిరే మనిషి ఒళ్ళు నిజంగా ఎంత వంకర పోతుందో చూశారు. ఫ్రెడ్ మూర్ అనే కుర్రాడు మిక్కీ మౌస్ గుండ్రటి ఒంటిని పియర్ పండు ఆకారానికి మార్చాడు. వృత్తానికి పైనా కిందా అంటూ ఏమీ లేదు. పియర్ పండుకు కింద బరువు ఉంది, ఆ బరువు కదలగలదు. ఆ చిన్న మార్పుతో మిక్కీకి పొట్ట వచ్చింది, నడుం వచ్చింది, వంగితే ఎక్కడ అణగాలో, నిక్కితే ఎక్కడ సాగాలో తెలిసింది.

ఇక బంతి. ప్రతి యానిమేటర్ మొదటి అభ్యాసం ఎగిరే బంతి. మా వాళ్ళు దీన్ని ఒక పూటలో ముగించి పక్కన పడేయాలని చూస్తారు. నేను రెండు వారాలు చేయిస్తాను. బంతిలో లేనిది తర్వాత ఇంకెక్కడా రాదు.

టెన్నిస్ బంతి రాకెట్‌కు తగిలి విడిపోవడానికి పట్టే సమయం సుమారు 5 మిల్లీసెకన్లు. గోల్ఫ్ బంతి అయితే దాదాపు అర మిల్లీసెకను. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు కదా, ఒక్కో ఫ్రేము నిలిచేది 41.7 మిల్లీసెకన్లు. అంటే నిజం టెన్నిస్ బంతి అణిగి మళ్ళీ గుండ్రమయ్యే పని మొత్తం ఒక ఫ్రేములో ఎనిమిదో వంతులో అయిపోతుంది. మామూలు కన్ను దాన్ని ఎప్పుడూ చూడలేదు. ఎం.ఐ.టి.లో హెరాల్డ్ ఎడ్జర్టన్ 1930ల్లో మెరుపులాంటి కాంతితో ఫొటోలు తీశాక లోకానికి కనిపించింది. ఫుట్‌బాల్‌ను తన్నే ఫొటోలో బూటు కొన బంతిలోకి అంత లోతుకు దిగబడి ఉంటుంది! నేను ఆ ఫొటో మొదటిసారి చూసినప్పుడు ఎవరో కావాలని గీసిన కార్టూన్ అనుకున్నాను.

అందుకే "నిజంలో బంతి అంత అణగదు" అనే విద్యార్థితో నేను ఒప్పుకోను. చాలా బంతులు అణుగుతాయి. మనకు కనిపించనంత త్వరగా అణుగుతాయి. యానిమేటర్ చేసేది ఆ లిప్తపాటును ఒక పూర్తి ఫ్రేముకు సాగదీసి కంటికి అందించడం. ఆకారంలో అతిశయం ఉంది, నిజమే. కాలంలో ఉన్న అతిశయం దానికన్నా పెద్దది, దాన్ని మాత్రం ఎవరూ తప్పు పట్టరు.

సాగడం సంగతి వేరు. గాల్లో పోయే బంతి నిజంగా కోడిగుడ్డులా పొడుగవదు. వాన చినుకును మనం కన్నీటి బొట్టులా కొన పెట్టి గీస్తాం గానీ, నిజంలో పెద్ద చినుకు కింద నుంచి తోసే గాలికి అడుగున చదునై బన్నులా పడుతుంది. మరి మనం పడే బంతిని ఎందుకు సాగదీస్తున్నాం?

లెక్క వేసి చూడండి. మీటరు ఎత్తు నుంచి వదిలిన బంతి నేలను తాకేసరికి దాని వేగం సెకనుకు 4.4 మీటర్లు. 24తో భాగిస్తే ఒక్కో ఫ్రేముకు 18 సెంటీమీటర్లు. టెన్నిస్ బంతి అడ్డుకొలత 6.7 సెంటీమీటర్లు. అంటే నేలకు చేరే ముందు ఒక ఫ్రేములో బంతికీ, తర్వాతి ఫ్రేములో బంతికీ మధ్య దాదాపు మూడు బంతుల దూరం. మధ్యలో ఖాళీ. కంటికి అది ఒకే బంతి పడుతున్నట్టు కాదు, వేర్వేరు బంతులు చోటు చోటునా వెలిగి ఆరినట్టు అదురుతుంది. కెమెరాతో తీస్తే ఈ బాధ లేదు. షట్టర్ మామూలుగా సెకనులో 48వ వంతు సేపు తెరిచి ఉంటుంది, ఆ సేపట్లో బంతి తన దారి వెంట అలుక్కుపోయి గీతలా పడుతుంది. గీసిన బొమ్మకు ఆ అలుకుడు లేదు. కాబట్టి మనమే బంతిని దారి వెంట పొడుగు చేసి, దీని తోక దాని తలను దాదాపు అందుకునేలా చేస్తాం. కంప్యూటర్ యానిమేషన్ తొలినాళ్ళలో, 1987లో, పిక్సార్ యానిమేటర్ జాన్ లాసెటర్ సిగ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సుకు రాసిన పత్రంలో ఈ అదురు సంగతి వివరంగా చెప్పాడు. అణగడం బరువు మాట చెబితే, సాగడం వేగం మాట చెబుతుంది. రెండూ ఒకే జంటగా నోట్లో తిరగడం వల్ల రెండూ ఒకటే అనుకుంటారు. రెండింటి కారణాలు వేరు.

కారణం తెలిస్తే ఎక్కడ వాడకూడదో దానంతట అదే తెలుస్తుంది. బంతి గాల్లో పైకి వెళ్ళి ఆగబోయే చోట సాగకూడదు, అక్కడ వేగం లేదు. అక్కడ అది మచ్చలేని గుండ్రంగా ఉండాలి. నాకు వచ్చే అభ్యాసాల్లో సగానికి పైగా ఇక్కడే చెడతాయి: దారి పొడుగునా బంతి గుడ్డులాగే ఉంటుంది. ఇంకొన్నింటిలో బంతి ఇంకా గాల్లో ఉండగానే అణగడం మొదలుపెడుతుంది, నేల వస్తోందని దానికి ముందే తెలిసినట్టు. సాగిన బంతి సాగినట్టే వచ్చి నేలను తాకాలి. ఆ తాకిన ఫ్రేము సాగిన ఫ్రేమే. అణగడం దాని తర్వాతి ఫ్రేము. ఈ రెంటి మధ్య ఇన్‌బిట్వీన్, అంటే నడిమి బొమ్మ, పెట్టొద్దని నేను గోడ మీద రాసి పెట్టాను. పెట్టారా, బంతి నేలను కొట్టదు, నేల మీద కూర్చుంటుంది.

పరిమాణం దగ్గరికొద్దాం, కంప్యూటర్‌లో పనిచేసే వాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. బంతి ఎత్తును సగం చేశాం. 0.5. మరి వెడల్పు ఎంత? చాలామంది చేతికి వెంటనే వచ్చే అంకె 2. కాగితం మీద, ఒట్టి వైశాల్యం లెక్కన, అది సరే. త్రీడీలో బంతికి వెడల్పు రెండు దిక్కుల ఉంది. రెండింటికీ 2 పెడితే సగం ఇంటూ రెండు ఇంటూ రెండు, బంతి రెట్టింపు అయింది! నేలను తాకిన ప్రతిసారీ లోపల ఇంకో బంతి పుట్టి, పైకి లేవగానే మాయమవుతుంది. చూసేవాడికి లెక్క తెలియదు, ఏదో ఊదినట్టుందని మాత్రం తెలుస్తుంది. రెండు దిక్కులా పెట్టాల్సింది 2కి వర్గమూలం, 1.41. దీన్ని ఒకసారి రిగ్‌లోనే కట్టేస్తే ఎవరి చేతిలోనైనా బరువు నిలుస్తుంది. అందుకే కంట్రోళ్ళు లాక్ చేసే కన్నా లెక్క సరిగ్గా కట్టించమని రిగ్గింగ్ వాళ్ళతో కూర్చుని మాట్లాడతాను. సాగదీస్తే పాడవుతుందని భయపడే చోటల్లా అసలు పాడు చేస్తున్నది ఈ పరిమాణం లెక్కే.

ముఖం దగ్గర ఈ సూత్రం ఇంకా సున్నితంగా పనిచేస్తుంది. మా నానమ్మ ఆకూ వక్కా నమిలేటప్పుడు ఫోన్‌లో స్లోమోషన్‌లో తీసిన వీడియో ఒకటి నా దగ్గరుంది, సెకనుకు 240 ఫ్రేములు. దాన్ని క్లాసులో ఎన్నిసార్లు చూపించానో లెక్కలేదు. దవడ పైకి వచ్చినప్పుడు బుగ్గ ఉబికి కంటి కింది రెప్పను పైకి తోస్తుంది. ఆ కంటి పక్కన ముడతలు దగ్గరవుతాయి. దవడ దిగినప్పుడు బుగ్గ పొడుగై చదునవుతుంది, ముక్కు పక్క గీత నిటారుగా సాగుతుంది. వక్క పలుకు గట్టిగా తగిలినప్పుడు ఒక్క క్షణం మొత్తం ముఖం ఒక పక్కకు గుమిగూడుతుంది. ఇంత జరుగుతున్నా నుదురు, చెంప ఎముక, ముక్కు దూలం అంగుళం కదలవు. ఎముక ఎముకే, దవడ ఒక్కటే దాని కీలు మీద ఆడుతుంది. మెత్తనిదంతా ఆ ఎముకల చుట్టూ ఇటూ అటూ ప్రవహిస్తుంది. కుర్ర యానిమేటర్లు నోరు ఒక్కదాన్ని కదిపి, పైన బుగ్గలూ కళ్ళూ అలాగే వదిలేస్తారు. అప్పుడు పాత్ర మాట్లాడుతున్నట్టుండదు, ముఖం మీద అతికించిన నోరు మాట్లాడుతున్నట్టుంటుంది. లేదా పుర్రెతో సహా తల మొత్తాన్ని సాగదీస్తారు. ఒళ్ళంతా పిండి సంచి అయితే పర్వాలేదు. లోపల ఎముకలున్న పాత్రకు ఎక్కడ అణగాలి, ఎక్కడ అణగకూడదు అనేది శరీరం చదివి తెలుసుకోవాల్సిన విషయం.

దీనికి ఎదురు వాదనలు ఉన్నాయి, వాటిలో కొన్ని బలమైనవే. ఇది అమెరికా వాళ్ళ పద్ధతి, మనం ఎందుకు పట్టుకు వేలాడాలి అంటారు. మన దేశానికి ఈ చదువు వచ్చిన దారి నిజంగా అదే. 1956లో బొంబాయిలో కేంద్ర ప్రభుత్వ ఫిల్మ్స్ డివిజన్ కార్టూన్ విభాగం పెట్టినప్పుడు, డిస్నీలో పనిచేసిన క్లేర్ వీక్స్ వచ్చి మనవాళ్ళకు శిక్షణ ఇచ్చాడు. తర్వాత మన యానిమేషన్‌కు పెద్దదిక్కయిన రామ్ మోహన్ అక్కడ నేర్చుకున్నవాడే. పద్ధతికి పేరు పెట్టింది వాళ్ళు, ఒప్పుకుంటాను. ఏనుగు పాదం పరుచుకోవడం మాత్రం వాళ్ళు కనిపెట్టింది కాదు.

ఇంకో వాదన జపాన్ నుంచి. 1963లో ఒసాము తెజుకా అనే కార్టూనిస్టు తన ఆస్ట్రో బాయ్‌ను టీవీకి తెచ్చినప్పుడు తక్కువ డబ్బుతో, తక్కువ బొమ్మలతో, ఎన్నో చోట్ల కదలని బొమ్మతోనే కథ నడిపాడు. అప్పటి నుంచి అక్కడి టీవీ యానిమేషన్ అణగడం, సాగడం మీద పెద్దగా ఆధారపడకుండానే కోట్లమందిని ఏడిపించింది, నవ్వించింది. ఈ వాదనకు నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. నిలిచిన బొమ్మకు నిలకడే బలం. అక్కడ కథ, కట్, కన్ను పనిచేస్తాయి. నేను అడిగేది ఒక్కటే: కదిపితే మాత్రం బరువుతో కదపండి.

నన్ను ఎక్కువ రోజులు వేధించిన ప్రశ్న వేరేది. అసలు ఆకారమే మారని వస్తువుల సంగతేమిటి? 1986లో పిక్సార్ వాళ్ళు చేసిన రెండు నిమిషాల చిన్న సినిమా 'లక్సో జూనియర్'లో పాత్రలు రెండు టేబుల్ ల్యాంపులు. ఇనుప కడ్డీలు, స్ప్రింగులు, రేకు టోపీ. ఏ ఒక్క ముక్కా వెడల్పవదు, సన్నబడదు. అయినా పిల్ల ల్యాంపు గెంతే ముందు ముడుచుకుని కూర్చుంటుంది, గెంతినప్పుడు నిటారుగా విచ్చుకుంటుంది, దిగినప్పుడు మళ్ళీ కీళ్ళ దగ్గర మడతపడుతుంది. అణగడం, సాగడం ముక్కల్లో లేవు, ముక్కల మధ్య ఉన్నాయి. లాసెటర్ తన పత్రంలో ఈ మాట కూడా చెప్పాడు: గట్టి వస్తువుకు కీళ్ళ దగ్గర మడతే అణగడం అని.

అది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది తోలుబొమ్మలాట. మా ఊళ్ళో శివరాత్రికి చిన్నప్పుడు ఆడించేవారు. తెల్ల పంచెలు కలిపి కుట్టిన తెర, వెనక దీపం. మన ఆంధ్ర తోలుబొమ్మలు మనిషెత్తు ఉంటాయి, చదును చేసి రంగులు వేసిన తోలు. తోలు సాగదు. భుజం దగ్గర, మోచేతి దగ్గర, మణికట్టు దగ్గర దారంతో ముడివేసిన కీళ్ళు మాత్రం ఉంటాయి. జుట్టుపోలిగాడు బంగారక్క మీదికి దూకేటప్పుడు ఆడించే ఆయన ముందు బొమ్మను కిందికి లాగి, చేతులు ఒంటికి ముడిచి, ఒక్క లిప్త ఆపేవాడు. ఆ తర్వాత ఒక్కసారిగా పైకి విసిరేవాడు, చేతులు రెండూ ఎగిరి విచ్చుకునేవి. తెర వెనక ఆయనే చెక్క మీద కాలు బలంగా తాటించేవాడు. బొమ్మ దిగిన క్షణమూ, ఆ చప్పుడూ ఒకటే. బరువు మాకు కళ్ళతోనూ చెవులతోనూ తెలిసేది. ఇంకొకటి, ఈ పనిలోకి వచ్చాకే అర్థమైంది: బొమ్మను తెర నుంచి వెనక్కి, దీపం వైపు జరిపితే నీడ పెద్దదై అంచులు మసకబారతాయి. తెరకు ఆనించగానే చిన్నదై, గట్టిగా, స్పష్టంగా నిలుస్తుంది. హనుమంతుడు వచ్చి వాలేది అలాగే. వచ్చేటప్పుడు మసగ్గా, వాలాక గట్టిగా. బంతి సాగి వచ్చి అణగడానికి ఇది దగ్గరి చుట్టం.

కాబట్టి ఆకారం మారి తీరాలని నేను అనను. మారకపోయినా ఫరవాలేదు, ముడుచుకోవడం, విచ్చుకోవడం మాత్రం ఒంట్లో ఎక్కడో ఒకచోట ఉండాలి. నా గున్న ఏనుగు మీద జరిగింది అన్యాయమని ఇప్పటికీ అనేది అందుకే. స్కేల్ లాక్ చేసి ఊరుకోలేదు, పొట్ట వెనకబడటం, భుజం దిగడం కూడా "సాగదీయడం" కిందే కొట్టేశారు. మెత్తదనం వద్దన్నప్పుడు కీళ్ళనైనా ఆడనివ్వాలి. రెండూ తీసేశాక దానికి ఒళ్ళే లేకుండా పోయింది.

ఇప్పుడు నిజం జంతువులా కనిపించే వాటిని కంప్యూటర్‌లో చేసే వీఎఫ్ఎక్స్ పనిలో ఉన్న నా స్నేహితులు మాకు ఈ సూత్రంతో పనిలేదంటారు. వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో కండలు బిగుసుకుంటాయి, కొవ్వు ఊగుతుంది, చర్మం ఎముక మీద జారుతుంది. పేరు మార్చి చేస్తున్నది అదే పని. పరిమాణం నిలబెట్టే లెక్క ఆ సిమ్యులేషన్‌లో ముందే కట్టి ఉంటుంది, అంతే.

ఈ మధ్య మా క్లాసులో ఒక అమ్మాయి సంచి అభ్యాసం తెచ్చింది. పల్లెవెలుగు బస్సులో కిటికీ పక్క సీట్లో పిండి సంచి ఒంటరిగా కూర్చుని ఉంటుంది. బస్సు బ్రేకు వేసినప్పుడు సంచి ముందుకు వంగుతుంది, పై మూలలు రెండూ ముందు సీటును పట్టుకోబోయి ఆగిపోతాయి, పిండి అడుగున ముందుకు జారి అంచు దగ్గర ఉబ్బుతుంది. బస్సు కదలగానే వెనక్కి వాలి, ఒక్కసారి లోపలికి కూలబడి, మెల్లగా మళ్ళీ నిండుగా అవుతుంది. నాలుగు సెకన్లు. ముఖం లేదు, కళ్ళు లేవు. దూరం వెళ్తున్న ముసలామె అని చూసిన అందరికీ తెలిసింది. ఆ చివరి కూలబడటం ఎలా పట్టావని అడిగాను. "సంచిని ఒళ్ళో పెట్టుకుని ఇంటికెళ్ళాను సార్, ఇబ్రహీంపట్నం దాకా" అంది.

ఆ రాత్రి నా పాత హార్డ్ డిస్క్ వెతికి గున్న ఏనుగు షాట్ బయటికి తీశాను. రిగ్ ఇప్పటి సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోలేదు, ఒళ్ళు మళ్ళీ కట్టుకోవలసి వచ్చింది. తిరుమలలో చూసిన పాదాన్ని మనసులో పెట్టుకుని, ముందుకాలు తాకిన మరుసటి ఫ్రేములో పాదాన్ని రెండు దిక్కులా 1.08 చేశాను, ఎత్తు 0.86కి దిగింది. రెండో ఫ్రేములో గోళ్ళ పైన ముడత. నాలుగో ఫ్రేములో భుజం అట్టడుగుకు. ఏడో ఫ్రేములో పొట్ట. పాదం తిరిగి దగ్గరకు రావడానికి తొమ్మిది ఫ్రేములు ఇచ్చాను, బరువైనది త్వరగా తేరుకోదు కనక. వెనక కాలు దిగేటప్పుడు తోకను కొంచెం పైకి బిగించాను, ఎవరూ అడగకపోయినా.

తెల్లవారుజామున రెండింటికి లూప్‌లో పెట్టి చూశాను. గున్న ఏనుగు గట్టు దిగింది.